పిల్లాడు స్టేషన్‌లో ఉన్నాడని ఫోన్ వస్తే

మేముండే చాండ్లర్ నుంచి అరవయ్యో నంబరు హైవే పట్టుకుని తూర్పుకి ఓ గంటన్నర పోతే గ్లోబ్ అనే ఊరొస్తుంది. రాగి గనుల ఊరు. గుట్టల మధ్య పాత ఇటుక భవనాలు, నాలుగు మెక్సికన్ హోటళ్ళు. వీకెండ్ డ్రైవుకి బయల్దేరిన మనవాళ్ళు పెట్రోలు కోసం తప్ప అక్కడ ఆగరు. కానీ అమెరికాలో ఈరోజు ఏ పిల్లాణ్ణి జువెనైల్ కోర్టు ముందు నిలబెట్టినా, వాడి పక్కన ఒక లాయరు ఉండాలన్న హక్కు ఆ ఊరి కేసుతోనే వచ్చింది.

1964 జూన్ 8, సోమవారం. జెరాల్డ్ గాల్ట్ అనే 15 ఏళ్ళ కుర్రాణ్ణి పొద్దున పదింటికి షెరీఫ్ పట్టుకెళ్ళాడు. వాడూ వాడి స్నేహితుడూ కలిసి పక్కింటావిడకి ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడారని ఫిర్యాదు. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోయారు. మీవాణ్ణి తీసుకెళ్తున్నాం అని ఇంట్లో ఒక చీటీ ముక్క కూడా పెట్టలేదు. సాయంత్రం ఆరింటికి తల్లి ఇంటికొచ్చి చూస్తే పిల్లాడు లేడు. పెద్దకొడుకుని వెతకమని పంపింది. వాడు ఆ స్నేహితుడి ఇంటికి వెళ్తే అప్పుడు తెలిసింది సంగతి.

మర్నాడు జడ్జిగారి గదిలో విచారణ. ఫిర్యాదు చేసినావిడ రాలేదు. ఎవరిచేతా ప్రమాణం చేయించలేదు. ఎవరేం మాట్లాడారో రాసుకున్నవాళ్ళు లేరు. వారం తర్వాత ఇంకో విచారణ. ఆవిణ్ణి కూడా పిలిపించండి, మాట్లాడింది మావాడేనా అని ఆవిణ్ణే అడుగుదాం అంటే, అక్కర్లేదు అన్నారు జడ్జిగారు. 21 ఏళ్ళు వచ్చేదాకా స్టేట్ ఇండస్ట్రియల్ స్కూల్లో ఉంచమని ఆదేశం. అంటే ఆరేళ్ళ దాకా. అదే పని పెద్దవాడు చేసుంటే 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదంటే మహా అయితే రెండు నెలల జైలు!

ఈ కేసు పైదాకా వెళ్ళి, 1967లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. న్యాయమూర్తి ఏబ్ ఫోర్టస్ రాసిన ఆ తీర్పు ప్రకారం, పిల్లాడైనా సరే ఆరోపణ ఏమిటో ముందే చెప్పాలి, లాయరుండాలి, సాక్షిని ఎదురు ప్రశ్నించనివ్వాలి, తనకి వ్యతిరేకంగా తానే చెప్పుకోకుండా నోరు మూసుకుని ఉండే హక్కుండాలి.

లా పుస్తకాల్లో దీన్ని హక్కుల కేసుగానే చెబుతారు. నాకు మాత్రం ఆరింటికి పనినుంచి వచ్చి పిల్లాడి కోసం వెతుక్కున్న ఆ తల్లే గుర్తుండిపోయింది. ఆ తర్వాత యాభై, అరవయ్యేళ్ళుగా సైకాలజీ వాళ్ళు ఈ పిల్లల మీద, వీళ్ళ కుటుంబాల మీద చేసిన పరిశోధన చదువుతూ పోతే, మళ్ళీ మళ్ళీ అక్కడికే వచ్చాను. పిల్లాడు తప్పు చేసినప్పుడు ఇంట్లోవాళ్ళు ఎక్కడ ఉండాలి? కోర్టు గదిలోనా, బయట బెంచీ మీదా, లేక ఇంట్లో తలుపులేసుకునా?

నేనే తండ్రిని అన్న కోర్టు

పిల్లలకి విడిగా కోర్టు అన్న ఆలోచన అమెరికాలో 1899లో చికాగోలో మొదలైంది. ఉద్దేశం మంచిదే. కరుడుగట్టిన నేరస్థుల మధ్య పిల్లల్ని పడెయ్యకూడదు, వాళ్ళని బాగుచెయ్యాలి, ప్రభుత్వమే తండ్రి స్థానంలో నిలబడాలి. ఆచరణలో వచ్చిన చిక్కేమిటంటే, నేనే తండ్రిని అని కోర్టు అనుకున్నాక అసలు తండ్రితో దానికి పనిలేకపోయింది. పైగా తండ్రి కొడుకుని దండించడానికి లాయరెందుకు, సాక్ష్యాలెందుకు? గ్లోబ్‌లో జరిగింది అదే.

1990లకి వచ్చేసరికి గాలి ఇంకోవైపు తిరిగింది. ప్రిన్స్టన్‌లో ప్రొఫెసరుగా ఉన్న జాన్ డిలూలియో 1995లో 'సూపర్ ప్రెడేటర్' అన్న మాట వాడకంలోకి తెచ్చాడు. దయా జాలీ లేని కుర్రాళ్ళ తరం ఒకటి వచ్చేస్తోంది, రక్తపాతమే అని జోస్యం. దాదాపు రాష్ట్రాలన్నీ భయపడి, పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల్ని కూడా పెద్దల కోర్టుకి పంపేలా చట్టాలు మార్చుకున్నాయి. జోస్యం చెప్పే నాటికే పిల్లల హింసాత్మక నేరాలు తగ్గడం మొదలైంది, తర్వాత ఏళ్ళ తరబడి తగ్గుతూనే పోయాయి. 2012లో పిల్లల జీవితఖైదు కేసు సుప్రీంకోర్టుకొచ్చినప్పుడు, ఆ జోస్యం తప్పిందని చెప్పిన పరిశోధకుల పిటిషన్లో డిలూలియో కూడా సంతకం పెట్టాడు. చట్టాలు మాత్రం అంత తొందరగా వెనక్కి రాలేదు.

"మావాడు అలాంటివాడు కాదండీ"

మనవాళ్ళ పాట్‌లక్కుల్లో ఈ మాట వినని వారం ఉండదు. ఇది సగం నిజం. ఏ సగమో తేల్చిన ప్రయోగం ఒకటుంది.

టెంపుల్ యూనివర్సిటీలో లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్నర్ కలిసి 2005లో ప్రచురించారు. 306 మంది. టీనేజి పిల్లలు, కాలేజీ వయసువాళ్ళు, పెద్దవాళ్ళు అని మూడు గుంపులు. కంప్యూటర్ మీద కారాట. పసుపు లైటు పడింది, ఎర్ర లైటు ఎప్పుడు పడుతుందో తెలీదు. ఎంతదూరం పోతే అన్ని పాయింట్లు, గుద్దుకుంటే ఉన్నవి పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు మూడు గుంపులకీ పెద్ద తేడా లేదు. స్నేహితుల్ని పక్కన కూర్చోబెట్టి ఆడించినప్పుడు పెద్దవాళ్ళు మారలేదు, కాలేజీవాళ్ళు కొంచెం తెగించారు, టీనేజి పిల్లల దుడుకుతనం మాత్రం రెట్టింపు దాటింది.

అంటే మీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మీతో బుద్ధిగా మాట్లాడే కుర్రాడూ, ముగ్గురు స్నేహితులతో రాత్రి పదకొండింటికి పార్కింగ్ లాటులో ఉన్న కుర్రాడూ ఒకడే. నటించడం లేదు. ప్రశాంతంగా, టైమిచ్చి అడిగితే పదహారేళ్ళవాడు పెద్దవాళ్ళలాగే ఆలోచించగలడు. ఆవేశం, ఉత్సాహం, స్నేహితుల చూపు కలిసినప్పుడు ఆ ఆలోచన అక్కరకి రాదు. మెదడులో సంతోషం కోసం ఉరికే భాగం ముందే వేడెక్కుతుంది, ఆపే భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా కుదురుకోదు. గ్యాస్ పెడల్ ముందొచ్చి బ్రేకులు తర్వాత డెలివరీ అయిన కారన్నమాట.

ఈ పరిశోధన పేపర్లలోనే ఉండిపోలేదు. 2005లో రోపర్ కేసులో సుప్రీంకోర్టు 18 ఏళ్ళ లోపు చేసిన నేరానికి మరణశిక్ష ఉండకూడదంది. 2010లో, హత్య కాని నేరాలకి పిల్లల్ని విడుదల ఆశే లేని జీవితఖైదులో పెట్టకూడదంది. 2012లో, హత్య కేసైనా సరే అలాంటి ఖైదు తప్పనిసరి శిక్షగా ఉండకూడదంది. ఈ కేసుల్లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కోర్టుకి తన అభిప్రాయం సమర్పించింది.

మా ఫీనిక్స్ పిల్లలు

సరే, దుడుకు పని చేశాడు, దొరికాడు. తర్వాత ఏమవుతాడు? ఇక్కడే తల్లిదండ్రుల గుండె జారేది. ఇవాళ దొంగతనం, రేపు జైలు, జీవితం అయిపోయింది అని.

దీనికి జవాబు మా ఊళ్ళోనే దొరికింది. 'పాత్‌వేస్ టు డెసిస్టెన్స్' అని ఒక అధ్యయనం. నేరం నుంచి బయటపడే దారులు అనుకోండి. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ నుంచి ఎడ్వర్డ్ మల్వీ దీనికి పెద్ద. 2000లో మొదలుపెట్టి ఫీనిక్స్, ఫిలడెల్ఫియాల్లో 1,354 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. నేరం చేసేనాటికి 14 నుంచి 17 ఏళ్ళవాళ్ళు. దాదాపు అందరివీ పెద్ద నేరాలే. ఒక్కొక్కళ్ళనీ ఏడేళ్ళపాటు వదలకుండా, ఊరు మారితే ఊరెళ్ళి, జైల్లో ఉంటే జైలుకెళ్ళి ఇంటర్వ్యూ చేశారు.

తేలిందేమిటంటే, పెద్ద నేరాలు చేసిన ఈ పిల్లల్లో కూడా అత్యధికులు కొన్నేళ్ళలో తగ్గిపోయారు లేదా పూర్తిగా మానేశారు. ఏడేళ్ళ పొడుగునా అదే జోరుగా కొనసాగినవాళ్ళు పదిమందిలో ఒకడు. పోనీ ఆ ఒక్కడెవరో మొదటి నేరం చూసి చెప్పొచ్చా అంటే, నేరం ఎంత పెద్దదన్న దాన్నిబట్టి తెలియలేదు. తమని తాము అదుపులో పెట్టుకోవడం, రేపటి గురించి ఆలోచించడం లాంటివి వయసుతోపాటు పెరిగినవాళ్ళు బయటపడ్డారు.

ఇంకో మాట కూడా తేలింది. లోపల ఎక్కువకాలం ఉంచితే ఎక్కువ బుద్ధొస్తుందా? ఆరు నెలలకీ ఏడాదికీ తేడా కనిపించలేదు. మత్తుమందుల అలవాటుకి చికిత్స ఇస్తే నేరాలూ తగ్గాయి. అయితే ఆ చికిత్సలో ఇంట్లోవాళ్ళు కూడా పాల్గొన్నప్పుడే.

చిన్న తప్పుల మీద జరిగిన 'క్రాస్‌రోడ్స్' అధ్యయనం మనలాంటి వాళ్ళకి ఇంకా దగ్గర. ఎలిజబెత్ కాఫ్‌మన్ బృందం కాలిఫోర్నియా, లూయిసియానా, పెన్సిల్వేనియాల్లో మొదటిసారి దొరికిన 1,216 మంది అబ్బాయిల్ని తీసుకుంది. ఒకే రకం తప్పు చేసినవాళ్ళలో కొందరిని కోర్టుకెక్కించారు, కొందరిని డైవర్షన్ అని క్లాసులకీ సమాజసేవకీ పంపి వదిలేశారు. ఐదేళ్ళు చూస్తే, కోర్టుకెక్కినవాళ్ళే మళ్ళీ ఎక్కువగా అరెస్టయ్యారు, చదువు ఎక్కువగా ఆపేశారు, చెడు స్నేహాలు ఎక్కువయ్యాయి. అంటే కొన్నిసార్లు మందే జబ్బుని పెంచింది.

బెదిరిస్తే బాగుపడతారా

మా పరిచయస్తుల్లో ఒకబ్బాయి, పదిహేనేళ్ళు, స్నేహితులతో ఒక పెద్ద స్టోరుకి వెళ్ళి హెడ్‌ఫోన్స్ జేబులో వేసుకుని దొరికిపోయాడు. పోలీసులొచ్చారు. ఆ రాత్రి ఆ ఇంట్లో వంట లేదు. "మా వంశంలో స్టేషన్ మెట్లెక్కినవాడు లేడండీ" అని తండ్రి. తల్లి మాట్లాడటమే మానేసింది. వారం తిరక్కుండా సలహాలు మొదలు. "నాలుగు తగిలించండి బ్రదర్, మనం తినలేదా దెబ్బలు?" "ఇండియా పంపించెయ్యండి. విజయవాడ హాస్టల్లో రెండేళ్ళు పడేస్తే అన్నీ సర్దుకుంటాయి." ఒకాయన అయితే, ఒకరోజు జైలు చూపించి తీసుకొస్తే చాలు, జన్మలో మళ్ళీ చెయ్యడు అన్నారు.

ఈ చివరి సలహా అమెరికా వాళ్ళకి మనకంటే ముందే తట్టింది. న్యూజెర్సీలోని రావే జైల్లో యావజ్జీవ ఖైదీలు కుర్రాళ్ళని లోపలికి పిలిచి, మొహంలో మొహం పెట్టి అరిచి, ఇక్కడికొస్తే మీ గతి ఇదీ అని బెదిరించే కార్యక్రమం. దానిమీద 1978లో వచ్చిన 'స్కేర్డ్ స్ట్రెయిట్' డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. దేశమంతా అదే పద్ధతి అందుకున్నారు. తర్వాత ఆంథనీ పెట్రొసినో బృందం, లాటరీ వేసినట్టు సగంమందిని పంపి సగంమందిని పంపకుండా చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, వెళ్ళొచ్చినవాళ్ళే వెళ్ళనివాళ్ళకంటే ఎక్కువ నేరాలు చేశారు. ఏమీ చెయ్యకుండా ఊరుకున్నా ఇంతకంటే నయం.

భయం ఎందుకు పనిచెయ్యదు? పైన కారాట గుర్తుంది కదా. భయం ప్రశాంతంగా ఉన్నప్పుడు గుర్తుంటుంది, స్నేహితుల మధ్య గుర్తుండదు. పైగా చెడ్డపేరు తెచ్చుకున్న పిల్లలందరినీ ఒకచోట చేర్చడమే ఒక సమస్య. ఆరెగన్‌లో టామ్ డిషన్ జంటలుగా కుర్రాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళ కబుర్లు వీడియో తీశాడు. రూల్స్ తప్పిన సంగతి ఒకడు చెప్పినప్పుడు రెండోవాడు నవ్వుతాడు. ఆ నవ్వే ప్రైజు. అలాంటి నవ్వులు ఎక్కువున్న జంటలు తర్వాత ఎక్కువ తప్పులు చేశాయి. బాగుచేద్దామని పెట్టిన క్యాంపుల్లో, హాస్టళ్ళలో జరిగేది చాలాసార్లు ఇదే. దారి తప్పినవాళ్ళందరినీ ఒక గదిలో పెట్టి తలుపేస్తే దారి ఎవరు చూపిస్తారు?

హాల్లో జరిగే చిన్న యుద్ధం

ఆరెగన్‌లోనే యూజీన్ అనే ఊళ్ళో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు ఇంకో పని చేశాడు. తన మనుషుల్ని ఇళ్ళకి పంపి, భోజనాల వేళ ఓ మూల కూర్చోబెట్టి, ఎవరు ఎవర్ని ఏమన్నారో వరసగా నోట్ చేయించాడు. ఎన్నో ఇళ్ళు, ఎన్నో సాయంత్రాలు. దాంట్లోంచి వచ్చిన సంగతి చదివితే మనింట్లో కెమెరా పెట్టారా అనిపిస్తుంది.

"ఫోన్ పక్కన పెట్టి చదువుకోరా." "అబ్బా, ఐదు నిమిషాలమ్మా." పావుగంట తర్వాత మళ్ళీ. ఈసారి గొంతు పెరుగుతుంది. వాడూ పెంచుతాడు. "ఎప్పుడూ నన్నే అంటావు!" తలుపు ధడాలున వేస్తాడు. అమ్మ, పోనీలే ఈ గోల ఎవరు పడతారు అని ఊరుకుంటుంది.

ఇక్కడ ఇద్దరూ ఒక పాఠం నేర్చుకున్నారు అంటాడు ప్యాటర్సన్. అరిస్తే అమ్మ ఆగిపోతుందని వాడు నేర్చుకున్నాడు. వదిలేస్తే ఇల్లు ప్రశాంతమవుతుందని అమ్మ నేర్చుకుంది. రేపు ఇంకొంచెం పెద్దగా అరవాలి. ఏదో ఒకరోజు నాన్న చెయ్యెత్తుతాడు, ఆరోజుకి వాడు ఆగుతాడు. కొడితే ఆగుతాడని నాన్న నేర్చుకున్నాడు. ఇలా రోజుకి నాలుగుసార్లు, ఏళ్ళ తరబడి. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ ఆ క్షణానికి గోల ఆగడం కోసమే చేశారు. ఇదే పద్ధతి పట్టుకుని వాడు బడికి వెళ్తాడు, అక్కడ టీచర్లతో, పిల్లలతో చెడుతుంది, చివరికి తనలాంటివాళ్ళతో చేరతాడు.

ఇంటిని బాగుచేస్తే పిల్లాడు బాగుపడతాడా? సౌత్ కరోలినాలో స్కాట్ హెంగెలర్, మిస్సోరీలో చార్ల్స్ బోర్డ్విన్ నడిపిన 'మల్టీసిస్టమిక్ థెరపీ' ఆ ఆలోచనతోనే వచ్చింది. థెరపిస్టే ఇంటికొస్తాడు. ఒక్కొక్కరికి నాలుగైదు కుటుంబాలే. అర్ధరాత్రి గొడవైనా ఫోన్ చెయ్యొచ్చు. పిల్లాడి మనసులో ఏముందని తవ్వడంకంటే, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వాడెక్కడుంటాడు, స్నేహితుల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు మీ దగ్గరున్నాయా, బడిలో ఎవరితో మాట్లాడాలి అన్న పనుల మీద మూడు నుంచి ఐదు నెలలు కుస్తీ పడతారు. మిస్సోరీలో 176 మందిని రెండు గుంపులు చేసి, సగటున పద్నాలుగేళ్ళ తర్వాత లెక్క చూస్తే, మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో 81 శాతం మళ్ళీ అరెస్టయ్యారు, ఈ పద్ధతిలో ఉన్నవాళ్ళలో 50 శాతం.

అద్భుతమే, కానీ ఒక మాట. ఈ పద్ధతి తయారుచేసినవాళ్ళే పరీక్ష చేసినప్పుడు ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంగ్లండులో 684 కుటుంబాలతో వేరేవాళ్ళు చేసి 2018లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, అక్కడ మామూలుగా దొరికే సేవలకంటే ఇది మెరుగని తేలలేదు. అక్కడి మామూలు సేవలు కూడా బాగానే ఉండటం ఒక కారణం కావచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్త కాదు. డెమోలో నడిచింది ప్రతి క్లయింటు దగ్గరా నడవదు.

నిజం చెప్పెయ్ నాన్నా

మన తల్లిదండ్రుల మొదటి మాట ఇదే. స్టేషన్లో కూడా ఇదే అంటాం. పెంపకం ప్రకారం సరైన మాటే. చట్టం ముందు మాత్రం ప్రమాదం.

థామస్ గ్రిసో 1980 ప్రాంతంలో సెయింట్ లూయిస్‌లో పోలీసులు చదివే హెచ్చరికలు పిల్లలకి ఎంత అర్థమవుతాయో పరీక్షించాడు. మాట్లాడకుండా ఉండొచ్చు, లాయరుని అడగొచ్చు లాంటి నాలుగు ముక్కలు. సగానికి పైగా పిల్లలకి వాటిలో కనీసం ఒకటి బొత్తిగా అర్థంకాలేదు. పెద్దవాళ్ళలో నాలుగో వంతుకి లోపే. 2003లో ఇంకా పెద్దగా, సుమారు 1,400 మందితో చేసినప్పుడు, 11 నుంచి 13 ఏళ్ళ పిల్లల్లో మూడోవంతు, 14, 15 ఏళ్ళవాళ్ళలో ఐదోవంతు, కోర్టులో ఏం జరుగుతోందో అర్థం చేసుకునే స్థితిలో లేరు. అంత తక్కువ స్కోరు పెద్దవాళ్ళకొస్తే విచారణకి తగరని కోర్టు తేల్చే అవకాశం ఎక్కువ.

మరి పక్కన అమ్మో నాన్నో ఉంటే చాలదా? 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కేసులో 14 నుంచి 16 ఏళ్ళ ఐదుగురు కుర్రాళ్ళని పట్టుకున్నారు. కొందరి తల్లిదండ్రులు గదిలో ఉండగానే పిల్లలు చెయ్యని నేరం ఒప్పుకున్నారు. వాళ్ళడిగింది చెప్పేస్తే ఇంటికి పంపేస్తారు అన్న నమ్మకంతో ఒక తండ్రే కొడుక్కి ఒప్పుకోమని చెప్పాడు. యూసఫ్ సలాం తల్లి మాత్రం వచ్చి ఇక చాలు ఆపమంది, అందుకే అతను కాగితం మీద సంతకం పెట్టలేదు. అయినా అందరికీ శిక్ష పడింది. అసలు నేరస్థుడు ఒప్పుకుని, డీఎన్ఏ కలిశాక, 2002లో ఆ శిక్షలన్నీ కొట్టేశారు. ఆ తండ్రి చెడ్డవాడేం కాదు. గదిలో ఉన్నాడు గానీ ఆ గది ఎలా పనిచేస్తుందో తెలియలేదంతే. విచారణలో పిల్లలకి పోలీసులు అబద్ధం చెప్పకూడదని ఇల్లినాయ్, ఆరెగన్ 2021లో చట్టాలు చేశాయి. దానికి ముందు ఏ రాష్ట్రంలోనూ అలాంటి చట్టం లేదు.

క్రాస్‌రోడ్స్ బృందంలో కేట్లిన్ కవనా, కాఫ్‌మన్ తల్లుల్నే పరీక్షించారు. జువెనైల్ కోర్టు ఎలా నడుస్తుందో మీకెంత తెలుసు అని. తక్కువ తెలిసిన తల్లులు ఆ వ్యవహారంలో తక్కువ పాలుపంచుకున్నారు. తల్లి పాలుపంచుకోని పిల్లలు మళ్ళీ ఎక్కువగా తప్పులు చేశారు. ప్రేమ తక్కువై కాదు, తెలియక.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో 2018 దాకా, పిల్లాణ్ణి లోపల ఉంచిన రోజులకి, కాలికి కట్టిన ట్రాకరుకి, ప్రభుత్వమిచ్చిన లాయరుకి కూడా తల్లిదండ్రులకే బిల్లు పంపేవారు. ఆ అప్పు కోసం ఏళ్ళ తరబడి జీతాల్లో కోత పడిన ఇళ్ళున్నాయి. మన ఐటీ జీతాలకి అది పెద్ద లెక్క కాకపోవచ్చు. అసలు డైవర్షన్ దొరికేది, ఇంటికి పంపేది కూడా ఎవరిని అని చూస్తే, తెల్ల పిల్లలకంటే నల్ల పిల్లలు లోపల ఉండే అవకాశం నాలుగు రెట్లు పైనే. టీవీలో ఆ మొహాలు చూసి "వాళ్ళ పెంపకం అంతేలే" అనే ముందు ఈ లెక్క గుర్తుకు తెచ్చుకోవాలి.

మన దేశంలో

2012 ఢిల్లీ ఘటన తర్వాత వచ్చిన 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 15వ సెక్షన్ ఉంది. 16 నుంచి 18 ఏళ్ళ మధ్యవాడు ఘోరమైన నేరం చేశాడంటే, వాడి మానసిక, శారీరక సామర్థ్యం ఎంత, పర్యవసానం తెలిసే చేశాడా అని జువెనైల్ జస్టిస్ బోర్డు అంచనా వేసి, పెద్దవాడిలా విచారించాలా వద్దా తేల్చాలి. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఇదే చట్టం. బోర్డులో పిల్లల సైకాలజీ చదివి ప్రాక్టీసు చేస్తున్నవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

మంచిదే. కానీ కారాట ఇక్కడ కూడా అడ్డొస్తుంది. నేరం జరిగిన వారాల తర్వాత ఒక గదిలో ప్రశాంతంగా కూర్చోబెట్టి అడిగితే పదిహేడేళ్ళవాడు తెలివిగానే జవాబిస్తాడు. ఆ రాత్రి గుంపులో ఉన్నప్పుడు వాడి బుర్ర ఎలా పనిచేసిందో ఆ జవాబు చెప్పదు. బాధితుల పట్ల జాలీ, నేరం మీద కోపం మనకుండాల్సిందే. ఆ కోపంతో వేసిన ప్రశ్నకి ఆ పరీక్ష దగ్గర జవాబు మాత్రం లేదు.

ఇంతకీ ఏం చెయ్యాలి

ఆ ఫోనొస్తే ముందు ఊపిరి పీల్చుకోండి. పిల్లాడితో "మేమొస్తున్నాం, లాయరు వచ్చేదాకా ఏం మాట్లాడకు" అనండి. అబద్ధం చెప్పమని కాదు, ఆగమని. మీరూ ఆఫీసరుకి కథంతా చెప్పకండి. మొదటిసారి, చిన్న తప్పు అయితే డైవర్షన్ ఉందా అని అడగండి. వీసా మీదున్నవాళ్ళకి ఇంకో ముక్క. జువెనైల్ కోర్టులో తప్పు తేలితే ఇమ్మిగ్రేషన్ లెక్కలో దాన్ని మామూలుగా కన్విక్షన్ అనరు, 2000లోనే ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు చెప్పింది. పెద్దల కోర్టుకి వెళ్తే, మత్తుమందుల వ్యవహారమైతే లెక్క వేరు. కాబట్టి క్రిమినల్ లాయరుతోపాటు ఇమ్మిగ్రేషన్ లాయరునీ అడగాలి, వాట్సాప్ గ్రూపుని కాదు.

హెడ్‌ఫోన్స్ అబ్బాయికి డైవర్షనే వచ్చింది. కొన్ని శనివారాలు క్లాసు, కొన్ని గంటలు ఫుడ్ బ్యాంకులో పని. విజయవాడ పంపలేదు. తండ్రి ఆ శనివారాలన్నీ వాడితోపాటే వెళ్ళి ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దాడట. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, ఇప్పుడు వాడి స్నేహితుల పేర్లన్నీ ఆయనకి తెలుసు.

మా అమ్మాయికింకా తొమ్మిదేళ్ళు. ఇంటి అడ్రసు, నా ఫోన్ నంబరు బట్టీ పట్టించాం. ఇంకో నాలుగేళ్ళకి ఒక వాక్యం కూడా కలపాలి. "మా అమ్మా నాన్నలతో మాట్లాడాలి, నాకు లాయరు కావాలి." అది చెప్పే అవసరం రాకూడదనే నా కోరిక. వస్తే మాత్రం, ఇంటికి ఫోన్ చెయ్యడానికి తను భయపడకూడదు. ఆ ధైర్యం ఆరోజుకారోజు రాదు. ఇప్పట్నుంచీ, పగిలిన కప్పుల దగ్గరా తక్కువొచ్చిన మార్కుల దగ్గరా మేం ఎలా మాట్లాడతామో దాన్నిబట్టే వస్తుంది.